కారణం గడిలో రెండు మాటలు

మా ఫైర్ స్టేషన్‌లో ప్రతి అగ్నిప్రమాదానికీ ఒక ఫారం నింపాలి. ఫోను ఎన్నింటికి వచ్చింది, బండి ఎన్నింటికి బయల్దేరింది, నీళ్ళు ఎక్కడ తోడుకున్నారు, ఏమేం కాలాయి, ఇలా వరసగా గడులుంటాయి. అన్నిటికన్నా కింద, సంతకానికి కాస్త పైన, ‘ప్రమాద కారణం’ అని ఇంకో గడి. వేలెడంత ఉంటుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నిప్పుతో కుస్తీ పట్టినవాణ్ణి. మెడ మీదా మోచేతి మీదా మచ్చలున్నాయి. వాటి గురించి నాకే బాధా లేదు. ఆ వేలెడంత గడిలో ఒకసారి రాసిన రెండు మాటల గురించే ఉంది.

ఊరి పేరు చెప్పను. సత్తెనపల్లి అవతల, పత్తి గురించీ మిరప గురించీ తప్ప ఇంకో ముచ్చట ఎరగని ఊళ్ళలో ఒకటి అనుకోండి. ఎనభైల నడుమ నేనక్కడ లీడింగ్ ఫైర్‌మన్ని. అంటే ఆఫీసరు గారుంటే ఆయన కింద పనివాణ్ణి, ఆయన సెలవు పెడితే ఆయన కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఆయనకు సెలవులంటే మహా ప్రీతి.

మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నాకు ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం వచ్చిందని తెలిసి మా మేనమామలు పగలబడి నవ్వారు. దూది ఏకేవాడి కొడుకు నిప్పుల ఉద్యోగానికి పోవడమేంట్రా అని ఏడాది పాటు ఏడిపించారు. నాన్న మాత్రం నా ఖాకీ చొక్కాకి ఆయనే ఇస్త్రీ చేసేవాడు. మడత నలిగితే ఊరుకునేవాడు కాదు. ఆ చొక్కా వేసుకున్న మనిషి తప్పు చేయడని ఆయన నమ్మకం. నేనూ కొన్నాళ్ళు నమ్మాను.

మంటలార్పడం రెండేళ్ళలో వచ్చేసింది. నా కన్నా ముందు చేరినవాళ్ళు ఫారం నింపడం కూడా నేర్పారు. “పూరిళ్ళయితే పొయ్యి నిప్పు. గడ్డివాము అయితే చుట్ట నిప్పు. పత్తి గోడౌన్ అయితే కరెంటు. ‘తెలియదు’ అని మాత్రం చచ్చినా రాయమాక” అన్నారు. తెలియదని రాస్తే జిల్లా ఆఫీసు నుంచి తాకీదు వస్తుంది. ఎందుకు తెలియదు, ఏం విచారించారు, ఎవరెవర్ని అడిగారు అని. దానికి జవాబు రాస్తే ఇంకో తాకీదు. ఆ గోల ఎవరు పడతారు? అందుకని మా పరిధిలో కారణం తెలియని మంట ఒక్కటీ పుట్టేది కాదు. అంత తెలివైన స్టేషన్ మాది.

ఆ రోజు మంచి శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఒక పల్లెటూరి పోస్టాఫీసు నుంచి ఫోను వచ్చింది. పాలెం తగలబడుతోందని. ఆఫీసరు గారు మామూలుగానే సెలవులో ఉన్నారు. ఆరుగురం బండెక్కాం. పడమటి గాలి వడగాలిలా కొడుతోంది. ఊరు రెండు మైళ్ళు ఉందనగానే పొగ కనిపించింది. ఇంకాస్త దగ్గరికి పోయేసరికి డ్రైవరు దగ్గడం మొదలుపెట్టాడు, ఆ వెనకే మేమందరం.

అది మిరప ఘాటు. పాలెంలో అందరూ కూలి చేసుకునే క్రైస్తవులు. మిరప కోతలకు పోయినవాళ్ళు, రైతులు వదిలేసిన తాలు కాయలు ఏరుకొచ్చి గోతాల్లో కట్టి పెట్టుకుంటారు. ఏడాదంతా ఇంటికి కారం అదే. ప్రతి ఇంట్లోనూ ఒకటో రెండో గోతాలు. ముప్పై పైచిలుకు ఇళ్ళలో ఆ కాయలు ఒక్కసారే కాలితే ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. కళ్ళు తెరిస్తే మంట, మూస్తే మంట. తడి తువ్వాళ్ళు ముఖానికి చుట్టుకుని, నలుగురం గొట్టం పట్టుకుంటే ఇద్దరం పక్కకుపోయి కక్కుకునేవాళ్ళం. ఊరి చెరువులో మోకాటి లోతు నీళ్ళే ఉన్నాయి. గొట్టం నీళ్ళ కన్నా బురద ఎక్కువ తాగింది.

రెండు గంటలు పట్టింది. ఇళ్ళన్నీ పోయాయి. పెంకుల కప్పున్న చర్చి ఒక్కటే మిగిలింది. మనుషులెవరూ పోలేదు, ఎందుకంటే దాదాపు అందరూ ఆ చర్చిలోనే ఉన్నారు. సిలువ ధ్యానమని ఆ రోజు పన్నెండు నుంచి మూడింటి దాకా ఆరాధన ఉంటుందట. పాస్టరు గారు మాట్లాడుతుంటే వెనక వరసల్లో ముక్కులు ఎగబీల్చడం మొదలైందట. ఆయన జనం ఏడుస్తున్నారనుకుని ఇంకాస్త ఉత్సాహంగా చెప్పారట. ఆఖరికి ఆయనకే దగ్గు వచ్చిందట. కాలిపోయిన ఇళ్ళ ముందు నిలబడి కూడా ఒక ముసలాయన ఈ సంగతి చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను.

తర్వాత విచారణ. మా విచారణ అంటే ఒకటే ప్రశ్న, ఏ ఇల్లు ముందు అంటుకుంది అని. అందరూ ఒకామెను చూపించారు. నలభై దాటిన మనిషి, భర్త లేడు. ముందు వైపు జుట్టు కమిలి ఉంది. వేపచెట్టు కింద నులకమంచం మీద పక్షవాతంతో పడి ఉన్న మామగారికి తడిగుడ్డతో ముఖం తుడుస్తోంది. పొగ ముందు చూసింది ఆమేనట. మామను భుజాన వేసుకుని బయటికి లాక్కొచ్చిందీ, చర్చికి పరిగెత్తి కేకలేసి అందర్నీ బయటికి పిలిచిందీ ఆమే.

“ముందు ఎవరిల్లు అంటుకుందమ్మా?” అని అడిగాను.

“మా ఇల్లేనయ్యా” అంది. పాలెంలో పడమటి చివర ఇల్లు ఆమెదే. అబద్ధం చెప్పాలని ఆమెకు తోచినట్టే లేదు.

ఆమె ఇంట్లోకి వెళ్ళాను. ఇల్లంటే అప్పటికి నాలుగు మట్టిగోడలు. కప్పు కూలి లోపల మోకాలెత్తు బూడిద. కర్రతో తోసుకుంటూ పొయ్యి దాకా పోయాను. పైనుంచి రాలిన గడ్డి మసిని పక్కకు నెడితే పొయ్యి కనపడింది. ఎర్రమట్టితో కొత్తగా అలికి ఉంది. అలికిన వేళ్ళ గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పొయ్యి కడుపులో ఒక్క బొగ్గు ముక్క లేదు, ఒక్క పుల్ల లేదు. అలికాక అందులో మంట పెట్టలేదని చిన్నపిల్లకైనా తెలుస్తుంది. నేను చూశాను. చూసి బయటికొచ్చాను.

ఇంకోటి కూడా చూశాను. ఆ ఇంటికి పడమటగా కంచె అవతల ఒక రైతు చేను. ఏరుడు అయిపోయిన పత్తి మోళ్ళకు ఎవరో నిప్పు పెట్టారు. చేనంతా నల్లగా ఉంది, అక్కడక్కడా ఇంకా పొగ లేస్తోంది. గాలి అటు నుంచి ఇటే. ఆ చేనుగల ఆసామి మేం అలసిపోయామని బిందెడు మజ్జిగ పంపించాడు. నిమ్మకాయ పిండి, ఉప్పేసి. కారం పట్టిన గొంతులో అది దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. రెండు చెంబులు తాగాను. పాలెంవాళ్ళు సగం మంది ఆయన చేలోనే కూలికి పోతారు. ఆ మోళ్ళ వైపు ఎవరూ చెయ్యెత్తి చూపించలేదు. నేను కూడా ఎవర్నీ అడగలేదు. నిప్పురవ్వ అక్కణ్ణుంచే వచ్చిందని ఇప్పటికీ ఒట్టేసి చెప్పలేను. కానీ అడగాల్సింది నేను. నాకు జీతం ఇచ్చేదే అందుకు.

సాయంత్రంలోగా ఫారం ఇస్తే రేపటికల్లా బియ్యం, బట్టలు పంపుతామని రెవెన్యూ వాళ్ళు తొందరపెట్టారు. ఆ జనాన్ని చూస్తే నాకూ తొందరే అనిపించింది. బండి మెట్టు మీద కూర్చుని గబగబా నింపాను. ఆఖరి గడి దగ్గర చెయ్యి ఆగలేదు కూడా. ఆ మనిషి పేరు రాసి, పక్కన ‘పొయ్యి నిప్పు’ అని రాసి సంతకం పెట్టాను. ఆ రోజు ఏం రోజో తెలిసినవాణ్ణే, ఆ తేదీ కూడా పై గడిలో నా చేత్తోనే వేసినవాణ్ణే. మంచి శుక్రవారం పూట ఆ పాలెంలో ఎవరైనా పొయ్యి ముట్టిస్తారా అన్న ఆలోచన రాలేదు. పొయ్యి నిప్పు అన్న మాట నా చేతికి అంతగా అలవాటైపోయింది.

నెలన్నర దాటాక ఆమె స్టేషన్‌కి వచ్చింది. ఎండలు ముదిరిన రోజులు. రంజాన్ నెల. మిట్టమధ్యాహ్నం గొంతెండిపోయి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాను. గుమ్మంలో నిలబడి, “అయ్యా, నన్ను ఆనవాలు పట్టారా?” అంది. కమిలిన జుట్టు చూసి పట్టాను. కూర్చోమంటే కూర్చోలేదు.

“నా గురించి ఒక్క ముక్క మార్చి రాయాలయ్యా.”

“ఏం ముక్క?”

“పొయ్యి నేను ముట్టించలేదయ్యా. ఆ రోజు మేమెవరం ముట్టించం. ముందు రోజు సాయంత్రమే పొయ్యి ఊడ్చి అలికేసుకుంటాం. గుళ్ళో ఆరాధనయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా తాగం. మామకి దాహమేస్తదని మధ్యలో లేచెళ్ళాను. ఆయనకైతే ఉపవాసం లేదు గదా, మంచం మీది మనిషి. అదే నా కొంప ముంచింది.”

మెల్లగా మొత్తం చెప్పింది. బియ్యం పంచే రోజు చర్చి ఆవరణలో రెవెన్యూ గుమాస్తా నా ఫారాన్ని పైకి చదివాడట. ఆమె పేరు చదివి, పొయ్యి నిప్పు అన్నాడట. జనమంతా ఆమె వైపు తిరిగారట. అంతకు ముందు దాకా ఆమెను మెచ్చుకున్నవాళ్ళే. ప్రాణాలు కాపాడిందని చేతులు పట్టుకున్నవాళ్ళే. ఇప్పుడు ఆరాధన మధ్యలో ఎందుకు లేచిపోయిందో వాళ్ళందరికీ అర్థమైపోయింది. ఆకలికి ఆగలేక వంట చేసుకోబోయింది, ఉపవాసం చెడగొట్టింది, అందుకే దేవుడు పాలెం మొత్తాన్ని కాల్చాడు.

“గవర్నమెంటోళ్ళే రాశారు, అబద్ధం రాస్తారా అంటన్నారయ్యా. కూలికి కూడా నన్ను జట్టులో కలుపుకోవట్లేదు. సంఘ పెద్దలు సంస్కారం తీసుకోవద్దన్నారు. ఒప్పుకునేదాకా రొట్టె ముక్క ఇవ్వరంట. నేనేం ఒప్పుకోనయ్యా?” అంది. చర్చిలో అందరూ వరసగా మోకాళ్ళ మీద కూర్చుని సంస్కారమని రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటుంటే ఆమె ఒక్కతే వెనక కూర్చుని ఉంటోంది. కాలిపోయిన ఇంటి గురించి ఆమె ఒక్క మాట ఎత్తలేదు. ఆమెకు కావలసింది ఆ వరసలో తన చోటు.

“కాపీలు జిల్లాకి వెళ్ళిపోయాయమ్మా. ఒకసారి సంతకమయ్యాక మార్చడానికుండదు” అన్నాను. అది నిజం కాదు. అనుబంధ రిపోర్టని ఒకటి పంపొచ్చు. కాకపోతే నాలుగు తాకీదులొస్తాయి. పొయ్యి కాకపోతే మరేంటని అడుగుతారు. పత్తి మోళ్ళ మాట వస్తుంది. ఆసామి వస్తాడు, ఆయన వెనక ఇంకెవరో వస్తారు. పైగా ప్రమోషన్ లిస్టులో నా పేరు నలుగుతున్న రోజులవి.

“మీరు లోపలికొచ్చి చూశారు గదయ్యా. కర్రతో బూడిద తోసి చూశారు. నేను మంచం కాడ నుంచి చూస్తానే ఉన్నాను. అలికిన పొయ్యి కనబళ్ళేదా మీకు?” అని అడిగింది.

“లేదమ్మా. అంతా బూడిదే. నేనేం చూళ్ళేదు” అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది. పైట చెంగుతో చెమట తుడుచుకుని, “మీరు కూడా ఒక్కపొద్దున్నారంట, బయట చెప్పారు. అందుకే మంచినీళ్ళు అడగలేదు” అని చెప్పి వెళ్ళిపోయింది. ఆరు మైళ్ళు ఆ ఎండలో. బస్సెక్కిందో నడిచిందో తెలియదు. కనీసం నీళ్ళు తాగి వెళ్ళమని వెనక్కి పిలవలేకపోయాను.

ఉపవాసం చెడగొట్టిందని ఒక మనిషిని మాట పడనిచ్చినవాణ్ణి, నేను మాత్రం ఉపవాసంలో ఉండి అబద్ధమాడాను. ఆ సాయంత్రం ఇంట్లో ఖర్జూరం నోట్లో పెట్టుకుంటే సిగ్గేసింది. నాన్న దువా చదువుతున్నాడు. ఆయనకు చెబుదామనుకున్నాను. చెబితే ఏమంటాడో తెలుసు గనక చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన నన్ను ఆ పూటే బస్సెక్కించి ఉండేవాడు. ఆ తర్వాత రెండేళ్ళకే పోయాడు.

ప్రమోషన్ వచ్చింది. బదిలీ మీద సముద్రం వైపు వెళ్ళాను. వాడరేవు దారిలో ఎండుచేపల పాకలు తగలబడితే ఆర్పాను, పత్తి బేళ్ళు కాలితే ఆర్పాను. బేలుకు నిప్పంటితే పైన ఆరినట్టే ఉంటుంది, లోపల మూడు రోజులైనా రగులుతుంది. విప్పి, రేకులు రేకులుగా చీల్చి తడపాలి. ఆ పనిలో నన్ను మించినవాడు లేడని పేరు. నా కిందివాళ్ళు ఫారాలు తెస్తే, పూరిళ్ళకు పొయ్యి నిప్పు అని ఉంటే, పొయ్యి చూశావా అని అడిగేవాణ్ణి. చూశాం సార్ అనేవాళ్ళు. వాళ్ళ మీద అరిచేవాణ్ణి, ఫారం విసిరికొట్టేవాణ్ణి. సార్‌కి ఈ మధ్య కోపం ఎక్కువైందని చాటుగా అనుకునేవాళ్ళు. ఆ కోపం వాళ్ళ మీద కాదని వాళ్ళకు తెలియదు.

నాలుగేళ్ళకు ధైర్యం వచ్చింది. ధైర్యమంటే అంత గొప్పదేం కాదు, అప్పటికి నేను ఆఫీసర్ని, నన్ను అడిగేవాళ్ళు తగ్గారు, అంతే. ఒక కాగితం మీద అనుబంధ రిపోర్టు రాశాను. ‘ఫలానా ప్రమాదంలో సదరు ఇంటి పొయ్యిని నేను స్వయంగా చూశాను. అది ఆ రోజు వెలిగించినది కాదు. కారణం తెలియలేదు.’ ఆ ఆఖరి మాట రాయడానికి చేతికి కొత్తగా ఉంది. సంతకం పెట్టి, జిల్లాకు పంపేముందు ఆమెకు చూపించి, చర్చి పెద్దల ముందు చదివి వినిపిద్దామని బయల్దేరాను. బస్సులో కూర్చుని వాళ్ళ ముందు ఏం మాట్లాడాలో వల్లెవేసుకున్నాను. సినిమాలో లాగా అందరూ తలలు దించుకోవడం, ఆమె దణ్ణం పెట్టడం, అన్నీ ఊహించుకున్నాను. నా బతుక్కి అదొక్కటే తక్కువ.

పాలెంలో సగం ఇళ్ళకు పెంకులొచ్చాయి. ఆమె ఒక కళ్ళం దగ్గర పదిమంది ఆడవాళ్ళతో కలిసి కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. వాళ్ళలో ఎవరో ఏదో అంటే నవ్వుతోంది. నన్ను చూసి నవ్వు ఆపి లేచి వచ్చింది. వంట్లో చేవ తగ్గింది. మామగారు పోయి ఏడాదైందని చెప్పింది.

కాగితం ఇచ్చాను. చేతుల కారం చీరకు తుడుచుకుని తీసుకుంది. సండే స్కూల్లో నేర్చుకున్న చదువు. పెదాలు కదుపుతూ, వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. చివరిదాకా చదివి మళ్ళీ మొదట్నుంచి చదివింది.

“పెద్దలకి నేనే చదివి చెప్తానమ్మా. పాస్టరు గార్ని పిలిపించు” అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. “వద్దయ్యా.”

“ఎందుకొద్దు?”

“నేను ఒప్పుకున్నాను” అంది.

నాకు ముందు అర్థం కాలేదు.

“మామ మంచంలో ఉండంగానే సంస్కారం అడిగాడయ్యా, పోయే ముందు. నా ఇంటికి తేవడానికి పెద్దలు ఒప్పుకోలేదు. నువ్వు ఒప్పుకో, ఇప్పుడే తెస్తామన్నారు. ఆదివారం గుళ్ళో నిలబడి, పొయ్యి నేనే ముట్టించాను, నన్ను క్షమించండని చెప్పాను. ఆడోళ్ళందరూ ఏడ్చారు. నన్ను కావలించుకున్నారు. ఆ సాయంత్రమే మామకి రొట్టె ముట్టింది, మర్నాడు పోయాడు. అప్పట్నుంచి నన్ను కూడా వరసలో కూర్చోనిస్తన్నారు.” కాగితం మడత పెట్టింది. “ఇప్పుడు ఇది చదివితే, దేవుడి ముందు నిలబడి అబద్ధం చెప్పినదాన్ని అవుతాను. అది ఇంకా పెద్ద తప్పయ్యా. మళ్ళీ వెనక్కి పోయి కూర్చోవాలి.”

వాదించబోయాను. ఏమని వాదించను? ఆమె చేయని తప్పును నేను రాశాను. ఆ తప్పు పోగొట్టుకోవడానికి ఆమె నిజంగానే ఒక తప్పు చేయాల్సి వచ్చింది. నేను తెచ్చిన నిజం ఇప్పుడు ఆమెకు పనికిరాకపోగా ప్రమాదం. ఆమె ఒప్పుకోక ముందు నేను ఏ రోజు వచ్చి ఉన్నా సరిపోయేది. నేను నా ప్రమోషనూ నా సుఖమూ చూసుకుని, నాకు వీలైనప్పుడు వచ్చాను.

ఆమె కాగితం నా చేతిలో పెట్టింది. అటు ఆడవాళ్ళు మా వైపే చూస్తున్నారు. ఆమె గొంతు తగ్గించి, “ఒకటి అడగనా అయ్యా?” అంది.

“అడుగమ్మా.”

“అందరూ అనీ అనీ, ఆఖరికి నేనే గుళ్ళో చెప్పాక, నాకే అనుమానం వచ్చేసింది. మామకి గంజి కాద్దామని ముట్టించి మర్చిపోయానేమోనని. రాత్రిళ్ళు కూర్చుని గుర్తు చేసుకుంటా ఉంటా. గుర్తు రాదు. నేను ముట్టించలేదు గదయ్యా?”

“లేదమ్మా” అన్నాను. “నువ్వు ముట్టించలేదు. నేను కళ్ళారా చూశాను.”

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కారం చేతులు గనక తుడుచుకోలేదు.

“ఆ మాట స్టేషన్‌కాడ అడిగిన రోజు చెప్పుంటే అయిపోయేది గదయ్యా” అంది. కోపంగా కూడా అనలేదు. వెళ్ళి మళ్ళీ తొడిమలు తీయడానికి కూర్చుంది.